అక్కల సంతకాలు ఎందుకు?

మొన్న మా ఊరి సెంటర్లో టీ తాగుతుంటే మా వీధి వాడే ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. "అన్నా, నాన్న పొలం మా అన్నదమ్ములం రాయించుకుందామని పోతే, దస్తావేజులు రాసేవాడు అక్కల సంతకాలు తెమ్మంటున్నాడు. వాళ్ల పెళ్లిళ్లయి నలభై ఏళ్లయింది. పసుపు కుంకుమ కింద ఇచ్చేదేదో అప్పుడే ఇచ్చాం. ఇప్పుడు వాళ్ల సంతకాలెందుకు?" అన్నాడు.

ఒక టీ తాగేలోపు చెప్పే జవాబు కాదది. పైగా ఇదే ప్రశ్న 2021లో నేనూ అడిగాను, ఇంతకంటే కోపంగా. అప్పట్నుంచి వకీలు ఆఫీసుల్లో విన్నదీ, చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను. కాస్త పొడుగు. నీళ్లు కట్టే పని లేని పూట చదవండి.

ముందు ఒక లెక్క పెట్టుకుందాం. మా ఇంటి లెక్కే. నాన్నకి తాతగారి నుంచి వచ్చిన పొలం 12 ఎకరాలు. మేమిద్దరం మగపిల్లలం, ఇద్దరు అక్కలు. పెద్దక్క పెళ్లి 1983లో, చిన్నక్క పెళ్లి 1988లో. అమ్మ 1991లో పోయింది, నాన్న 1996లో పోయాడు. ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మీదే ఉంది.

పిత్రార్జితంలో కొడుకుకి పుట్టుకతోనే హక్కు వస్తుందని మనందరికీ తెలుసు. ఇది ఎక్కడిది? సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట చాళుక్యుల రాజధాని కల్యాణిలో, అంటే ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణ్‌లో, విజ్ఞానేశ్వరుడనే పండితుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రాశాడు. బెంగాల్ తప్ప దేశంలో చాలాభాగం అదే పాటించింది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు కూడా. బెంగాల్ పద్ధతిలో తండ్రి బతికున్నంతకాలం కొడుక్కి ఏమీ ఉండదు. మితాక్షరలో మాత్రం పుట్టిన రోజే కొడుకు, మనవడు, మునిమనవడు దాకా హక్కుదారులైపోతారు. ఆ రోజులకి అదే పెద్ద మార్పు. తండ్రి ఒక్కడి చేతిలో ఉన్న ఆస్తి నలుగురి చేతిలోకి వచ్చింది. ఆ నలుగురూ మగవాళ్లే, అది వేరే సంగతి.

ఇక్కడ చాలామందికి తెలియనిదొకటుంది. స్త్రీధనం అనే మాటకి విజ్ఞానేశ్వరుడు చాలా విశాలమైన అర్థం చెప్పాడు. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఇచ్చింది మాత్రమే కాదు, వారసత్వంగా వచ్చింది, పంపకంలో వచ్చింది, కొనుక్కున్నది కూడా స్త్రీధనమేనన్నాడు. తర్వాత ఇంగ్లీషువాళ్ల పాలనలో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాన్ని కుదించేసింది. భర్త నుంచి వారసత్వంగా వచ్చింది స్త్రీధనం కాదు, ఆమె బతికినంతకాలం అనుభవించొచ్చు గానీ అమ్ముకోకూడదు అని తీర్పులిచ్చింది. మన పెద్దలు "అనాదిగా వస్తున్న ఆచారం" అని చెప్పేవాటిలో కొన్ని ఆ కోర్టులు బిగించిన ముళ్లే.

ఆ ముడి కొంచెం వదులైంది 1937లో. హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం అని ఒకటి వచ్చింది. భర్త పోతే ఉమ్మడి ఆస్తిలో అతని వాటా భార్య అనుభవించొచ్చు, అదీ జీవితకాలమే. కూతుళ్లకి ఏమీ లేదు. ఇంకో తమాషా ఏంటంటే, పొలానికి ఈ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఎందుకంటే అప్పటి 1935 రాజ్యాంగ చట్టంలో వారసత్వం గురించి కేంద్రం చట్టం చేయొచ్చు, కానీ "వ్యవసాయ భూమి మినహా" అని ఉంది. పొలమే ఆస్తి అయిన దేశంలో పొలం తప్ప మిగతాది ఇచ్చారన్నమాట. పట్నంలో ఇల్లున్నవాడి భార్యకి దక్కింది, పల్లెలో పదెకరాలున్నవాడి భార్యకి దక్కలేదు. మద్రాసు రాష్ట్రం 1947లో విడిగా ఒక చట్టం చేశాకే ఆంధ్ర జిల్లాల్లో పొలాలకీ అది వచ్చింది. 1950లో మన రాజ్యాంగం రాసేటప్పుడు ఆ "వ్యవసాయ భూమి మినహా" అన్న ముక్కని తీసేశారు. చిన్న మాటే. కానీ ఆ మాట అట్లాగే ఉండుంటే తర్వాత పార్లమెంటు చేసిన ఏ వారసత్వ చట్టమూ మన గట్టు దాటి లోపలికి వచ్చేది కాదు.

కూతురి సంగతి మొదట గట్టిగా ఎత్తింది బి.ఎన్.రావు కమిటీ. ఆ కమిటీ ముసాయిదాలో కూతురికి కొడుకు వాటాలో సగం అన్నారు. అంబేడ్కర్ న్యాయమంత్రిగా ఉన్నప్పుడు ఆ హిందూ కోడ్ బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్లి వచ్చేసరికి సగం కాస్తా సమానం అయింది. పుట్టుకతో హక్కు అనే పద్ధతినే తీసేద్దామని కూడా అందులో ఉంది. గొడవ మామూలుగా జరగలేదు. సభలో, బయటా, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాకా వ్యతిరేకించారు. బిల్లు ముందుకు కదలకపోవడం ఒక ముఖ్య కారణంగా అంబేడ్కర్ 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తర్వాత నెహ్రూ ప్రభుత్వం దాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కటే గట్టెక్కించింది. అందులో ఒక ముక్క 1956 హిందూ వారసత్వ చట్టం.

గట్టెక్కించడానికి రాజీ పడ్డారు. కొడుకులకి పుట్టుకతో వచ్చే హక్కుని ముట్టుకోలేదు. తండ్రి పోయినప్పుడు, ముందు తండ్రీకొడుకులు పంచుకున్నట్టు ఊహించుకోవాలి, అందులో తండ్రికి వచ్చిన భాగాన్ని మాత్రం కొడుకులు, కూతుళ్లు, భార్య సమానంగా పంచుకోవాలి. మా 12 ఎకరాల లెక్కలో వేస్తే నాన్నకి 4, మా అన్నదమ్ములకి చెరి 4. నాన్న 4 ఎకరాలు నలుగురు పిల్లలకి ఎకరం చొప్పున. అంటే నాకు 5, తమ్ముడికి 5, అక్కలకి ఎకరం చొప్పున. చట్టంలో కొడుకు కూతురు సమానం అని రాసి ఉంటుంది, పొలంలో ఐదుకి ఒకటి.

ఇది పిత్రార్జితం సంగతి. నాన్న సొంత సంపాదనతో కొన్నది అయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 నుంచే కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే రచ్చబండ దగ్గర సగం వాదనలు వస్తాయి.

ఆ చట్టంలో ఇంకో క్లాజు చాలా దూరం పోయింది. అప్పటికే ఆడవాళ్ల చేతిలో జీవితకాలం అనుభవానికి ఉన్న ఆస్తి ఇకమీదట వాళ్ల సొంతమే అంది. దాని అర్థం ఎంతవరకో తేల్చింది మన నెల్లూరు నుంచి పోయిన కేసే. తులసమ్మ అనే ఆమె భర్త 1931లో పోయాడు. మరిది మీద మనోవర్తి కోసం 1944లో నెల్లూరు మున్సిఫ్ కోర్టులో దావా వేసింది, కోర్టు ఫీజు కట్టే స్థోమత లేక పేదగా. 1949లో రాజీ అయింది. కొంత ఆస్తి ఇచ్చారు, బతికినంతకాలం అనుభవించు, అమ్మకూడదు అని. 1956 చట్టం వచ్చాక ఆమె అందులో కొంత లీజుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది కోర్టుకెక్కాడు. ఆ తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. రాజీ పత్రంలో ఏం రాసుకున్నా, మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి ఆమెకి సంపూర్ణంగా సొంతమేనని 1977లో తీర్పొచ్చింది. 1944 నుంచి 1977 అంటే 33 ఏళ్లు. దేశమంతా ఈ రోజుకీ వకీళ్లు ఆ తులసమ్మ కేసునే చూపిస్తారు. మన పక్క పల్లెల్లో ఎంతమందికి తెలుసో మరి.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ ఆ 1956 చట్టానికి సవరణ చేసింది. 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉన్నట్టు లెక్క. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అంది. అంతకు ముందే కేరళ ఇంకో దారి పట్టింది, 1975 చట్టంతో పుట్టుకతో హక్కు, ఉమ్మడి కుటుంబం అనేవాటినే ఎత్తేసింది. కూతుర్ని కొడుకు పక్కన కూర్చోబెట్టిన మొదటి రాష్ట్రం మాత్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మనల్ని చూసి అదే బాట పట్టాయి.

అయితే ఒక గీత గీశారు. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన కూతుళ్లకి ఇది వర్తించదు. అప్పటికే పంపకాలు అయిపోయినా వర్తించదు. ఎందుకు గీశారో ఊహించొచ్చు. పాత పెళ్లిళ్లన్నీ తిరగతోడితే ఊరూరా తగువులే.

ఇప్పుడు మా లెక్కలోకి రండి. చిన్నక్క పెళ్లి 1988, ఆమె గీతకి లోపల. పెద్దక్క పెళ్లి 1983, గీతకి బయట. నాన్న 1996లో పోయేనాటికి ఇదే చట్టం. నాన్న, ఇద్దరు కొడుకులు, చిన్నక్క నలుగురూ తలా 3 ఎకరాలు. నాన్న 3 ఎకరాల్ని నలుగురు పిల్లలకి వేస్తే తలా 75 సెంట్లు. నాకు, తమ్ముడికి, చిన్నక్కకి 3 ఎకరాల 75 సెంట్లు. పెద్దక్కకి ఉత్త 75 సెంట్లు.

గమనించారా? పాత చట్టంలో పెద్దక్కకి ఎకరం వచ్చేది. కూతుళ్లకి మేలు చేసిన చట్టం వచ్చాక 25 సెంట్లు తగ్గింది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గదిలో పడుకున్న అక్కచెల్లెళ్లలో ఒకరికి పెరిగింది, ఇంకొకరికి ఉన్నదాంట్లోనే కోత పడింది. తప్పేంటంటే రెండేళ్లు ముందు పెళ్లి చేశారు. ఎవరు చేశారు? నాన్నే.

ఇదంతా కాగితం మీద లెక్క. జరిగింది వేరు. నాన్న పోయాక నేనూ తమ్ముడూ ఊరి పెద్దలిద్దర్ని పిలిచి తెల్లకాగితం మీద చెరి 6 ఎకరాలు రాసుకున్నాం. అక్కల్ని పిలిచాం, భోజనం పెట్టాం, చీరలు పెట్టాం, కాగితం చూపించలేదు. వాళ్లూ అడగలేదు. అప్పటికి ఈ చట్టం వచ్చి పదేళ్లు దాటింది. నాకు తెలియదు అని చెప్పుకుంటాను గానీ, పూర్తిగా నిజం కాదు. చిన్నక్క విషయంలో చూచాయగా తెలుసు. అడిగితే చూద్దాం అనుకున్నాను.

దేశం మొత్తానికి 2005లో సవరణ వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలు. కూతురికి పుట్టుకతో హక్కు. ఈసారి పెళ్లి తేదీ గీత లేదు. హక్కుతో పాటు కొడుకుకుండే బాధ్యతలూ ఆమెకి ఉంటాయంది. ఉమ్మడి ఇంట్లో మగవాళ్లు పంచుకోనంతవరకూ కూతురు పంపకం అడగకూడదన్న పాత క్లాజు తీసేశారు. ఉత్తర ప్రదేశ్ లాంటి చోట్ల భూమి చట్టాల పేరు చెప్పి పొలం కూతుళ్లకి పోకుండా ఆపిన క్లాజు కూడా తీసేశారు. పొలం విషయం మర్చిపోవద్దని బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త, ఇంకా చాలామంది ఏళ్ల తరబడి వెంటపడితే గానీ అది కదల్లేదు. 1937లో పొలాన్ని వదిలేసిన పొరపాటు 2005కి పూర్తిగా సర్దుకుందన్నమాట. 68 ఏళ్లు.

ఇందులోనూ ఒక గీత ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాన్ని గానీ, కోర్టు డిక్రీతో అయిన పంపకాన్ని గానీ కదిలించరు. ఆ తేదీ ఎందుకంటే బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజు అది. బిల్లు సంగతి తెలిసి కూతుళ్లకి ఎగ్గొట్టేందుకు హడావుడిగా దస్తావేజులు రాసుకుంటారని ముందే ఊహించారు. మనల్ని బాగానే అర్థం చేసుకున్నారు.

తర్వాత కోర్టుల్లో ఇంకో గీత పుట్టింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండాలి, అప్పుడే కూతురికి హక్కు అని 2015లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి చెప్పింది. 2018లో ఇంకో బెంచి, తండ్రి 2001లోనే పోయిన కేసులో కూతుళ్లకి వాటా ఇచ్చింది. కింది కోర్టులు ఏది పాటించాలో తెలియక తలపట్టుకున్నాయి. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల బెంచి వినీతా శర్మ కేసులో తేల్చేసింది. హక్కు పుట్టుకతో వస్తుంది, తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పనిలేదు. నోటిమాట పంపకం అయిపోయింది, తెల్లకాగితం ఉంది అంటే మామూలుగా ఒప్పుకోరు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉంటేనే ఎప్పుడో అరుదుగా ఒప్పుకుంటారు. ఆ ముగ్గురు జడ్జీల్లో ఒకరైన అబ్దుల్ నజీర్ గారే తర్వాత 2023లో మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరుగా వచ్చారు.

ఇదీ మా వీధి ఆయన ప్రశ్నకి జవాబు. 2005 తర్వాత పెళ్లయినవాళ్లకే, 2005 తర్వాత పుట్టినవాళ్లకే అని ఊళ్లో తిరిగే మాటలేవీ నిజం కాదు. పసుపు కుంకుమ ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఆవిడ తనంతట తాను హక్కు విడుదల దస్తావేజు రాసిస్తేనే పోతుంది.

మా లెక్క ఇప్పుడెట్లా ఉందంటే, నాన్నతో కలిపి ఐదుగురికి తలా 2 ఎకరాల 40 సెంట్లు, నాన్న వాటాలో తలా 60 సెంట్లు. నలుగురికీ మూడేసి ఎకరాలు. పెద్దక్క ఎకరం దగ్గర మొదలై, 75 సెంట్లకి పడి, మూడెకరాలకి వచ్చింది.

మరి అమ్మ? మా అమ్మ నాన్నకంటే ముందే పోయింది కాబట్టి లెక్కలో లేదు. బతికుంటే ఏమయ్యేదో వేసి చూశాను. 1956 లెక్కలో నాన్న 4 ఎకరాల్ని ఐదుగురికి పంచితే అమ్మకి 80 సెంట్లు. ఇప్పటి లెక్కలో నాన్న వాటా 2 ఎకరాల 40 సెంట్లే కాబట్టి అమ్మకి 48 సెంట్లు. మన వైపు పంపకాల్లో భార్యకి విడిగా వాటా వేసే ఆనవాయితీ లేదు. భర్త వాటాలోంచి రావాల్సిందే. కూతురు లోపలికి వచ్చిన ప్రతిసారీ అమ్మ కొంచెం బయటికి జరిగింది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే కేరళ దారే మంచిదనిపిస్తుంది. పుట్టుకతో హక్కు అన్నదే లేకపోతే పోయినాయన ఆస్తిలో అమ్మకీ పిల్లలకీ అందరికీ ఒకే వాటా.

ఇంకో మాట. షెడ్యూల్డ్ తెగల వాళ్లకి ఈ చట్టం ఈ రోజుకీ వర్తించదు, 1956లోనే మినహాయించారు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తేనే వర్తిస్తుంది. ఆ తెగల ఆడపిల్లలకి వారసత్వం రాకుండా చేసే ఈ మినహాయింపు గురించి ఆలోచించమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. మన ఏజెన్సీ మిత్రులు ఈ పేజీ చదువుతుంటే, మీ దగ్గర పంపకాలు ఎట్లా జరుగుతున్నాయో కింద రాయండి.

చట్టం ఇంత దూరం వచ్చింది గానీ, పొలం అంత దూరం రాలేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరు మీద ఉన్నవి నూటికి 14 కూడా లేవు. కారణం మనకి తెలిసిందే. రిజిస్ట్రారు ఆఫీసుకి అక్కల్ని తీసుకుపోతాం, వేలిముద్ర వేయిస్తాం, దారిలో టిఫిన్ పెట్టిస్తాం. దస్తావేజు చదివి వినిపించేవాడు లేడు. అడిగితే పుట్టిల్లు పోతుందని వాళ్ల భయం. ఆ భయం మనకి తెలుసు, దాని మీదే సంతకం పెట్టించుకుంటాం.

2021లో బ్యాంకు లోను కోసం మేం పంపకం రిజిస్టరు చేయించబోతే వకీలు ఇదంతా చెప్పాడు. చిన్నక్క వెంటనే విడుదల రాసిచ్చింది, వాళ్లకి బాగానే ఉంది. పెద్దక్క రాయనంది. పోట్లాడలేదు, అరవలేదు. "మూడెకరాలు అడగను. చెరువు కట్ట పక్కన ఎకరం నా పేరున రాయండి" అంది. ఆ ఎకరానికి నీటి వసతి ఉంది, మా పొలం మొత్తంలో మంచి ముక్క. నాకు మండింది. బావ పోయాక కొడుకు దగ్గర ఉంటోంది, కొడుకే ఎక్కించాడనుకున్నాను. నాలుగు నెలలు ఫోను చేయలేదు. సంక్రాంతికి పిలవలేదు.

తర్వాత తెలిసింది, ఎవరూ ఎక్కించలేదు. ఆమెకి మందుల ఖర్చు నెలకి రెండు వేలు. ప్రతినెలా కోడలి ముందు చేయి చాచాల్సి వస్తోంది.

రాసిచ్చాం. నేనూ తమ్ముడూ కలిసే పోయాం ఆఫీసుకి. ఆ ఎకరం ఇప్పుడు నేనే చేస్తున్నాను, ఊళ్లో ఇచ్చే కౌలే ఇస్తున్నాను. మొదటి ఏడు కొంచెం తగ్గించి ఇవ్వబోతే, పక్క పొలం కౌలు ఎంతో కనుక్కుని మరీ అడిగింది. నాన్న పోలికే.

మా వీధి ఆయనకి ఇవన్నీ చెప్పాను. పెద్దావిడ పెళ్లి ఎప్పుడని అడిగితే 84 మాఘమాసం అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ డబ్బులు ఆయనే ఇచ్చి వెళ్లిపోయాడు. నిన్న సాయంత్రం ఫోను చేసి, ఎకరాల్ని సెంట్లలోకి ఎట్లా మార్చాలో, వాటాలు ఎట్లా వేయాలో కాగితం మీద రాసిమ్మన్నాడు. ఇవాళ రాసిస్తున్నాను. వాళ్లమ్మ ఇంకా ఉంది, ఆమె వాటా కూడా వేస్తున్నాను.